ఏడో సిలిండరు

నాకు కూడికలు, తీసివేతలు ఒక విమానం ఇంజను మీద వచ్చాయి.

చిన్నతనంలో కీళ్ళ జ్వరం వచ్చి నన్ను బడికి పంపలేదు. చదవడం, రాయడం అమ్మ నేర్పింది, బైబిలు ముందుంచుకుని, అక్షరం మీద వేలు పెట్టించి. లెక్కలు నాన్నగారి వంతు. ఆయన అప్పట్లో మద్రాసులో డకోటా విమానాలకి మెకానిక్కు. జెట్లు రాకముందు జనం ఎక్కి తిరిగిన పాతకాలపు విమానాలవి. రెక్కకో ఇంజను, ఇంజనుకో పంకా, ఒక్కో ఇంజన్లో గుండ్రంగా పేర్చిన, లోపల పెట్రోలు మండే పద్నాలుగు సిలిండర్లు. సెలవుకి తాడేపల్లిగూడెం వచ్చినప్పుడల్లా నాన్నగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ సిలిండర్లు వరసలో మండవని చెప్పేవారు. ఒకటి మండాక రెండు కాదు, పది. ఆ తర్వాత అయిదు. ఆ తర్వాత పద్నాలుగు.

"తొమ్మిది కలుపమ్మా. పద్నాలుగు దాటిపోయేలా ఉంటే కలపకు, అయిదు తీసెయ్."

అలా కలుపుతూ తీస్తూ పోతే ఏ అంకెనీ వదలకుండా, ఏ అంకెనీ రెండుసార్లు పిలవకుండా లెక్క మళ్ళీ ఒకటి దగ్గరికే వస్తుంది. అందరికీ వంతు వచ్చే ఆట కదా అని నాకు సంతోషంగా ఉండేది. ఒకసారి ఇంటికొచ్చిన మేస్టారొకరు అంకెలు చెప్పమంటే "ఒకటి, పది, అయిదు, పద్నాలుగు" అని గడగడా మొదలుపెట్టాను. జ్వరం తలకెక్కిందేమోనని ఆయన పాపం అమ్మవైపు చూశారు.

విమానంలో అప్పుడప్పుడు మెకానిక్కుని కూడా తీసుకెళ్ళేవారట. విశాఖపట్నం వెళ్తూ కొల్లేటి మీదుగా పోయినప్పుడు, పడవలో మనిషి గెడ ఆపి తలెత్తి చూడటం తనకి కనపడిందని నాన్నగారు చెప్పేవారు. అంత కిందుగా, అంత నిదానంగా పోయేదన్నమాట. నేను మటుకు ఆ విమానం ఏనాడూ ఎక్కలేదు.

డకోటాల కాలం అయిపోయాక ఆయన ఇంటికొచ్చేసి ఆయిల్ ఇంజన్లు బాగుచేయడం పెట్టుకున్నారు. ముదినేపల్లి వైపు చేలల్లో మోటార్లు, కొల్లేటికోట వైపు పడవల ఇంజన్లు. ఆయన ఇంజను వెంటనే విప్పేవారు కాదు, ముందు వినేవారు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని ఫలానాది అని చెప్పేవారు. ఆ ఫలానాదే అయ్యేది. "ఆయన చెయ్యి మంచిది" అని మెకానిక్కుల గురించి అంటారు. మా నాన్నగారి గురించి "ఆయన చెవి మంచిది" అనేవారు.

ఇప్పుడాయనకి ఎనభై దాటి చాలా ఏళ్ళయింది. ఏలూరులో మా దగ్గరే ఉంటున్నారు. చెవి మందగించిందని మాకు తెలుసు. ఎంత మందగించిందో తెలియదు. ఎవరేమన్నా "ఆహా", "అలాగే", "మంచిదండీ" అనే మూడు మాటలతో ఆయన నెట్టుకొచ్చేస్తున్నారని ఇప్పుడనిపిస్తోంది కానీ, అప్పుడు మర్యాద అనుకున్నాం.

మొన్నామధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకాయన ఫోన్ చేశారు. వేరే రాష్ట్రంలో, ఒక షెడ్డులో పడి ఉన్న డకోటాని పదిమంది కలిసి బాగుచేస్తున్నారట. ఎగరడానికి కాదట. ఇంజన్లు తిప్పి జనానికి చూపించడానికట. కుడి ఇంజన్లో ఒక సిలిండరు మండటం లేదు, ఏదో అంతుపట్టడం లేదు. నాన్నగారి పాత స్నేహితుడొకరు మా నంబరు ఇచ్చారు.

"ఉద్యోగాలు చేసుకుంటూ వారానికి రెండు రోజులు పనిచేస్తామండీ. అనుమానం మీద విప్పుకుంటూ పోతే నెలలు పడుతుంది. శబ్దం పంపిస్తాను, పెద్దాయనకి వినిపించండి. ఆయన ఏది చెప్తే అదే విప్పుతాం."

నాకు ఉండబట్టక అడిగాను. "ఎగరని విమానం కోసం ఇంత అవస్థ దేనికండీ?"

ఆయన నవ్వారు. "జెట్ ఇంజను స్విచ్చి వేస్తే పనిచేస్తుందండీ. ఇది మాత్రం దగ్గుతుంది, పొగ కక్కుతుంది, ఒకటి మండి, రెండోది మండి, ఊగిపోయి, ఉన్నట్టుండి అన్నీ కలిసిపోతాయి. అప్పుడు షెడ్డులో కన్నీళ్ళు పెట్టుకోని వాడు ఉండడండీ. నిద్రలేచినట్టు లేస్తుంది."

ఈ మాట నాన్నగారికి ఎదురుగా నిలబడి అరిచి చెప్తే, "లేవదు. లేపాలి," అన్నారు. కానీ ముఖం వెలిగింది.

ఫోను ఆయన చెవికి ఆనించి శబ్దం పెట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. వేళ్ళు కుర్చీ చేతి మీద చిన్నగా ఆడుతున్నాయి. నిమిషం పైనే విని, కళ్ళు తెరిచి, "ఏడోది," అన్నారు. "సందేహం లేదు. ఏడు అని రాసి పంపించు."

నాకు ఒళ్ళు పులకరించింది. నేను కూడా వినాలని వంటింట్లోకి పోయి ఫోను చెవిన పెట్టుకున్నాను. ఏమీ వినపడలేదు. చూస్తే శబ్దం పూర్తిగా తగ్గించి ఉంది. పొద్దున ఆరాధనకి వెళ్ళినప్పుడు ఫోను మోగకూడదని తగ్గించి, మళ్ళీ పెంచడం మరిచిపోయాను. ఆ కాల్ కూడా తెర వెలగబట్టి చూసి ఎత్తిందే.

అంటే ఆయన నిమిషం సేపు విన్నది ఏమీ లేదు.

మావారు రిటైరైన బడి మేస్టారు. ఆయనకి చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఏడే అవుతుందేమో, ఎవరికి తెలుసు?"

"పద్నాలుగింట్లో ఒకటండీ."

"మా పిల్లలు పరీక్షల్లో అంతకంటే తక్కువ ఆశతో రాసేవారు. పంపించెయ్యవోయ్. కాకపోతే శబ్దం సరిగా రాలేదంటాం. పెద్దాయన పరువు నిలబడుతుంది."

"వాళ్ళు రెండు రోజులు పడి విప్పుతారండీ."

"అయితే వెళ్ళి మావయ్యగారికి చెప్పు, మీకు చెవులు లేవు అని," అని పేపరు మళ్ళీ విప్పుకున్నారు.

ఆయన మాటలో ఎకసెక్కం ఉన్నా, చెప్పాల్సింది అదే. నాన్నగారికి మిగిలిన పేరు ఆ చెవి. అది పోయిందని చెప్పాల్సింది నేను. సాయంత్రం నాన్నగారు "పంపేవా?" అని సైగ చేస్తే "పంపుతానండీ" అన్నాను. అది అబద్ధం కాదు కానీ నిజమూ కాదు. రాత్రి ప్రార్థనకి కూర్చున్నాను. ఊరికే కూర్చుని లేచాను.

మర్నాడు పొద్దున అట్లు పోస్తున్నాను. నాన్నగారు వంటింట్లోకొచ్చి, స్టూలు మీద కూర్చుని, "ఏమన్నారు వాళ్ళు?" అని అడిగారు.

స్టవ్వు తగ్గించి ఆయన ఎదురుగా కూర్చున్నాను. పెదవులు కనపడేలా నిదానంగా చెప్పాను. "పంపలేదండీ. నాన్నగారూ, నిన్న మీకు వినిపించినప్పుడు అందులో సౌండు లేదండీ. నేనే తగ్గించి మర్చిపోయాను."

మొదట ఆయనకి అర్థం కాలేదు. ఫోను తెర మీద చూపించాను. ఆయన చాలాసేపు దానివైపే చూశారు. చెవిమీద చెయ్యి వేసుకుని తీశారు.

"బొత్తిగా లేదా?"

"లేదండీ."

"నాకు వినపడిందే."

ఆ మాట ఆయన బుకాయింపుగా అనలేదు. ఆయనకి నిజంగా వినపడిందేమో. ఎన్నో ఏళ్ళు విన్న ఇంజను లోపల తిరుగుతూనే ఉండి ఉండవచ్చు. పెనం మీద అట్టు మాడింది.

కాసేపటికి, "మరి ఏడే ఎందుకన్నారండీ?" అని అడిగాను.

"అది అడుగున ఉంటుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు నూనె దిగేది దాంట్లోకే, దిగితే మండదు. ఏడోది నన్ను ఎప్పుడూ ఏడిపించేది, అందుకే దానికా పేరు," అన్నారు. నవ్వారు. తర్వాత నవ్వు ఆపేసి, "నాకు వినపట్టం మానేసి రెండేళ్ళయిందే అమ్మాయ్. ముందు పిట్టలు పోయాయి. తర్వాత మీ ఆయన పోయాడు," అన్నారు.

అవతలి గదిలోంచి మావారు, "నేనిక్కడే ఉన్నానండీ మావయ్యగారూ!" అని కేకేశారు. నాన్నగారికి అది కూడా వినపడలేదు.

ఆయన మాడిన పెనం వైపు చూస్తూ ఉండి, "పెనం కాలిందో లేదో ఎలా చూస్తావు?" అన్నారు.

"నీళ్ళు చిలకరిస్తానండీ."

"చుయ్యిమంటే?"

"కాలినట్టు."

"అనకపోతే?"

నాకు అప్పుడు తెలిసింది.

"కాగితం తే. రాసుకో. ఇంజను ఒక్క నిమిషం తిప్పి ఆపమను. వెంటనే తడిగుడ్డ పట్టుకుని, పద్నాలుగు సిలిండర్ల పొగగొట్టాలకీ వరసగా తాకించమను. పదమూడు చుయ్యిమంటాయి. అనంది చచ్చిన సిలిండరు. ఏదీ ముందే విప్పొద్దను." నేను రాస్తుండగానే, "ఈ పద్ధతి చెప్పింది వినపడని మనిషి అని కూడా రాయి," అన్నారు.

చివరి మాట రాయకుండానే కాగితం మడవబోయాను. ఆయన కాగితం తీసుకుని చూశారు. ఆ మాట లేదని వేలితో చూపించారు. రాశాను.

కాగితం ఫొటో తీసి పంపాను. ఆ ఫోను ఆదివారం నోరు మూసుకుని ఉన్నందుకు, ఆ పూట దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. అది మాట్లాడి ఉంటే మేము ఇంకో రెండేళ్ళు "ఆహా", "అలాగే" అంటూనే ఉండేవాళ్ళం.

శనివారం ఆ షెడ్డు ఆయన మళ్ళీ ఫోన్ చేశారు. వెనక ఎవరో అరుస్తున్నారు, ఏదో ఇనుము గణగణమంది. "పదకొండండీ! ఏడు శుభ్రంగా ఉంది, చెయ్యి కాలింది కూడాను. పదకొండు మాత్రం మంచుముక్కలా ఉంది."

నేను రాసి చూపించేలోపే నాన్నగారు ఫోను అడిగి తీసుకున్నారు. తిన్నగా కూర్చున్నారు.

"బాబూ, నాకు చెవులు పనిచెయ్యవు. పూర్తిగా పోయాయి. మీరు చెప్పేది మా అమ్మాయికి చెప్పండి, అది నాకు రాసి చూపిస్తుంది."

ఫోను నాకిచ్చారు. అవతల ఆయన, "ఇక్కడ మాలో ఇద్దరికి అప్పుడే వినికిడి తగ్గిపోయిందండీ. ఈ ఇంజను పక్కన నిలబడితే ఎవరికి చెవులు మిగుల్తాయి?" అన్నారు.

ఆ మాట రాసి చూపించాను. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"సరే కానీ, ఎడమ ఇంజను తిప్పారా లేదా అడుగు," అన్నారు.