ఇంజనుకు పౌడరు రాసిన మా పెద్దమ్మ

మా చిన్నతనంలో ఒక శనివారం సాయంత్రం... మా పెద్దమ్మ మోటారు సైకిలు వసారాలో ఆపి స్టాండు వేసింది. కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి గచ్చు మీద, సరిగ్గా ఇంజను కింద, రూపాయి బిళ్ళంత నల్లటి మరక. వేలితో తాకి వాసన చూసింది.

"ఇంజనాయిలే..." అంది.

పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. పేరు కరుణమ్మ. రాజోలు దగ్గర నర్సు. ఊరూరా తిరిగి పిల్లలకు టీకాలు వేయడం, గర్భిణులను చూసి రావడం ఆవిడ పని. ఆరో తరగతికి నన్ను ఆవిడ దగ్గర ఉంచారు.

ఆ బండి మా పెదనాన్నగారిది. ఆయన పోయాక అమ్మేయమని అందరూ చెప్పారట. ఆవిడ అమ్మలేదు... నేర్చుకుంది. పంజాబీ డ్రెస్సు వేసుకుని, వెనక టీకాల పెట్టె కట్టుకుని కాలవ గట్టు మీద వెళ్తుంటే జనం సైకిళ్ళు ఆపి మరీ చూసేవారు. నాకు మాత్రం మహా గర్వంగా ఉండేది.

మెకానిక్కును పిలిపించింది. అతను వంగి ఒక్క చూపు చూశాడు.

"ఇంజను విప్పాలండి. వారం పడుద్దండి అమ్మగారూ."

వెళ్తూ వెళ్తూ ఇంకో మాట కూడా అన్నాడు. "ఎందుకండీ ఈ తంటా... అమ్మేసుకోండి. ఆడవాళ్ళకి బండి సుఖం కాదండి."

"ఆయ్... చూద్దాంలే బాబూ" అంది పెద్దమ్మ. అంతే.

వారం ఆగడానికి లేదు. ఏటి అవతల లంకలో మంగ అనే అమ్మాయికి నెలలు నిండాయి. కాళ్ళు బాగా వాచాయి. సోమవారం వెళ్ళి చూడాలి. ఏరు దాటించే పంటు దిగాక నాలుగు మైళ్ళు ఇసక దారి... బస్సు లేదు, ఆటో రాదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే పెద్దమ్మ పాత చీర కట్టుకుని బండి ముందు పీట వేసుకుంది. ముందు అడుగునున్న బోల్టు మీద అనుమానపడింది. స్పానరుతో బిగించి, కింద సత్తు పళ్ళెం పెట్టి, కాసేపు ఇంజను నడిపింది. పళ్ళెంలో మళ్ళీ టప్పుమని చుక్క...

"నా లెక్క తప్పిందమ్మా" అంది నాతో. పెద్దవాళ్ళు అలా ఒప్పుకోవడం నేను అంతకుముందు వినలేదు.

తర్వాత ఇంజను చల్లారేదాకా ఆగి, కిరసనాయిలులో గుడ్డ ముంచి మొత్తం తుడవడం మొదలుపెట్టింది. ఏళ్ళ జిడ్డు... ఇంజను చుట్టూ ఉండే రేకుల సందుల్లోంచి పాత పళ్ళ బ్రష్షుతో లాగింది.

"కారేది కిందైతే పైనంతా ఎందుకు పెద్దమ్మా?"

"పుండు కడక్కుండా ఎక్కడ తెగిందో ఎలా తెలుస్తుందే? నెత్తురు కారిన చోటే దెబ్బ ఉండాలని లేదు."

పొడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చింది. అప్పుడు నా వైపు చూసి, "నీ పౌడరు డబ్బా ఇలా తే" అంది!

అది మా అమ్మ నా పుట్టినరోజుకు కొన్న డబ్బా. ఏడుపు ఒక్కటే తక్కువ నాకు... అయినా ఇచ్చాను. ఇంజను మీద పైనుంచి కిందికి పల్చగా జల్లింది. నల్లటి ఇంజను పిండిలో పొర్లినట్టు తెల్లగా అయిపోయింది. బండి స్టార్టు చేసి ఇద్దరం చెరో పక్క గొంతుక్కూర్చున్నాం.

పది నిమిషాలు... ఏమీ లేదు. ఆ తర్వాత ఆ తెల్లటి పొడి మీద వెంట్రుకంత నల్లటి గీత! అడుగున కాదు... పైన, ఇంజను తల మీద ఉండే గుండ్రటి మూత పక్క నుంచి మొదలై, రేకుల మీదుగా జారుతూ కిందికి దిగుతోంది.

"దొరికేవు!" అంది పెద్దమ్మ.

ఇంజను ఆపి, చల్లారాక మూత విప్పింది. లోపల నల్ల రబ్బరు రింగు ఎండి రాయిలా గట్టిపడింది. వంచితే పుటుక్కున విరిగింది. ఆ ముక్కల్ని మాత్రల కవరులో వేసుకుని, సామాన్ల కొట్టు మూసేలోపే బజారుకు వెళ్ళి, సరిగ్గా అదే కొలత రింగు తెచ్చింది. దానికి వేలితో కాస్త ఆయిలు రాసి కూర్చోబెట్టి, మూత బిగించింది.

"ఇంకా గట్టిగా తిప్పవేం?"

"మర అరిగిపోద్ది, ఇక బిగుసుకోదు. ఎక్కడ ఆపాలో చేతికి తెలుస్తుంది."

కొలపుల్ల తీసి చూసి, తగ్గిన ఆయిలు పోసింది. మళ్ళీ తుడిచి, మళ్ళీ పౌడరు జల్లి, మళ్ళీ నడిపింది. ఈసారి గీత లేదు. కొంగుతో ముఖం తుడుచుకుంటే ఆవిడ చెంప మీద నల్ల చార పడింది... నవ్వుతుంటే ఎంత అందంగా ఉందో!

సోమవారం బండిని పంటు ఎక్కించి లంకకు వెళ్ళింది. మంగకు బీపీ బాగా ఎక్కువగా ఉందట. అప్పటికప్పుడు పడవ మాట్లాడి, వెంట ఉండి అమలాపురం ఆసుపత్రిలో చేర్పించింది. మర్నాడు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

"ఇంకో రోజు ఆగుంటే ఏమయ్యేదో నేను చెప్పలేనమ్మా..." అంది పెద్దమ్మ ఇంటికొచ్చాక.

ఆ వారంలోనే మెకానిక్కు దారిన పోతూ ఆగాడు. "ఎవరు చేసేరండీ?"

"నేనే బాబూ."

అతను గొంతుక్కూర్చుని మూత చుట్టూ వేలు పెట్టి చూసుకున్నాడు. "ఎలా పట్టేరో నాక్కూడా చెప్పండమ్మగారూ" అన్నాడు. పెద్దమ్మ టీ ఇచ్చి, పూసగుచ్చినట్టు చెప్పింది. అతను అంతకుముందు అన్న మాట ఊసే ఆవిడ ఎత్తలేదు. ఆవిడ పెద్దరికం నాకు ఆ రోజు ఇంకా బాగా తెలిసింది.

పెద్దమ్మ బండి మానేసి చాలా ఏళ్ళయింది. చూపూ తగ్గింది. మొన్న నా స్కూటరు మీద వెళ్తే, గేటు దగ్గరి చప్పుడు వినే అడిగింది... "ఏంటే, గరగరమంటోంది?"

"ఫోన్లో సర్వీసుకి బుక్ చేశాను పెద్దమ్మా. వాళ్ళే వచ్చి తీసుకెళ్తారు."

"తీసుకెళ్దురుగానీ... నువ్వు చూసేవా?"

ఒకరికి అప్పగించే ముందు తామే పీట వేసుకుని కూర్చున్న మనుషులు మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు. వాళ్ళ గురించి రెండు ముక్కలు రాయండి... పెద్దమ్మకు చదివి వినిపిస్తాను.