కాపీ కొట్టి పాసైన కన్ను

జనం పరీక్షల్లో కాపీ కొడతారు. లెక్కల్లో కొడతారు, ఇంగ్లీషులో కొడతారు, మరీ ధైర్యవంతులు నీతిశాస్త్రంలో కూడా కొడతారు. కంటి పరీక్షలో కాపీ కొట్టినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను. అదీ అద్దంలో, కాస్త మసగ్గా. ఈ కథ ముగిసేసరికి నా కుడికన్ను సగానికి సగం పోతుంది. ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో ఆశలు పెట్టుకోకండి. నేను పెట్టుకుని చూశాను, పెద్దగా కలిసిరాలేదు.

మాది కోంట, భద్రాచలం దాటి పోతే రాష్ట్రం మారే సరిహద్దు ఊరు. మా నాయనది కిరాణా కొట్టు. కాలాన్ని బట్టి చింతపండు, ఇప్పపువ్వు కూడా కొంటాం. మా వ్యాపారంలో తూకం కన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఇరవై అడుగుల దూరంలో మనిషి కనపడగానే అతన్ని ఏ భాషలో పిలవాలో తేల్చుకోవాలి. అడవి గూడెం నుంచొచ్చిన దోర్ల పెద్దాయనైతే దోర్లీ, జగదల్‌పూర్ వైపు మనిషైతే హల్బీ, ఆఫీసరైతే హిందీ, భద్రాచలం నుంచి దిగిన చుట్టమైతే తెలుగు. పిలుపు సరిగ్గా పడితే మనిషి లోపలికొస్తాడు, తప్పితే పక్క కొట్టుకి పోతాడు. నలభై ఏళ్ళలో నాయన ఒక్క పిలుపు తప్పలేదు. బీఎస్సీ ముగించి వచ్చి కొట్టు గద్దె మీద కూర్చున్న మొదటి వారంలోనే నేను పదకొండు తప్పాను.

కొత్తగా బదిలీ మీద వచ్చిన పెద్ద ఆఫీసరుని "జోహార్ దాదా" అని పిలిచి, ఇప్పపువ్వు బాగా ఎండిందా అని దోర్లీలో అడిగాను. ఆయన డ్రైవరు వైపు తిరిగి దాని అర్థం అడిగాడు. డ్రైవరు చెప్పలేదు, మంచివాడు. అదే మధ్యాహ్నం గొల్లపల్లి నుంచి గంపతో వచ్చిన రైతుకి "ఆయియే సాబ్" అంటూ కుర్చీ దులిపి వేశాను. ఆయన కూర్చున్నాడు, టీ తాగాడు, గంట దాకా లేవలేదు. ఆయనకి అందులో తప్పేమీ తోచలేదు. నిజానికి తప్పేమీ లేదు కూడా. కానీ ఆ తరవాత వచ్చినప్పుడల్లా కుర్చీ వేసేదాకా గంప దించేవాడు కాదు.

"ఏందిరా, మనుషులు కనపడ్తలేరా నీకు?" అన్నాడు నాయన.

కనపడుతున్నారు. సమస్య అదే, ఒక్కొక్కరు ముగ్గురుగా కనపడుతున్నారు. బల్బు చూస్తే బల్బుకి తోక. చంద్రుణ్ణి చూస్తే చంద్రుల గుత్తి. రెండేళ్ళలో నాలుగు కళ్ళజోళ్ళు మార్చాను. ప్రతి కళ్ళజోడూ ఆర్నెల్లు సంసారం చేసి విడాకులిచ్చేది. దానికి తోడు దురద. మిరపకాయల బస్తాల మధ్య పుట్టినవాడికి కళ్ళు దురద పెట్టక ఏం చేస్తాయి? వేలి కణుపులతో కళ్ళు నులుముకోవడంలో ఉన్న సుఖం నాకు జీవితంలో మరెక్కడా దొరకలేదు. పిల్లల్ని కంటికి రెప్పలా చూసుకోవాలంటారు. నేను కన్నునే చపాతీ పిండిలా చూసుకున్నాను.

ఇంతలో ఊళ్ళో స్కూల్లో ఉచిత కంటి క్యాంపు పెట్టారు. నాయన వెళ్ళమన్నాడు. కంట్లో దోషం ఉందని తేలితే గద్దె దిగి గోదాములో చింతగింజలు తీయాలని కూడా అన్నాడు. అది బెదిరింపో ఏర్పాటో అడగలేదు. జబ్బుకి పేరు తెలియనంతవరకు జబ్బు లేనట్టే అన్నది అప్పటి నా సిద్ధాంతం. బీఎస్సీ చదివి సంపాదించిన సిద్ధాంతాల్లో నేను నిజంగా వాడుకున్నది అదొక్కటే.

క్యాంపుకి వచ్చేవాళ్ళలో చదువురాని వాళ్ళు ఎక్కువ కాబట్టి అక్కడ అక్షరాల బోర్డు పెట్టరు. మూడు పళ్ళ దువ్వెన లాంటి గుర్తుల బోర్డు పెడతారు. కొన్ని దువ్వెనల పళ్ళు కుడికి, కొన్నిటివి ఎడమకి, కొన్నిటివి పైకి, కొన్నిటివి కిందికి. మనం నోరు తెరవక్కర్లేదు, పళ్ళు ఎటుంటే అటు చెయ్యి చూపిస్తే చాలు. ఏ భాషవాడికైనా పనికొచ్చే పద్ధతి. దొంగకి కూడా పనికొస్తుంది.

లైన్లో నా ముందు గురూజీ ఉన్నాడు. మా స్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పి రిటైరైన మనిషి. బోర్డు ముందు ఆయన చెయ్యి ఎంత దర్జాగా ఆడిందంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదు, నా విషయంలో నిజంగానే చాలలేదు. పైకి, కుడికి, కిందికి, మళ్ళీ కిందికి, ఎడమకి. రేలా ఆటలో ముందువాడి అడుగు చూసి అడుగేసినట్టు నేను ఆయన చెయ్యి మొత్తం బట్టీ పట్టాను. నా వంతు వచ్చింది. ఎడమకన్ను మూశారు. కుడికంటికి బోర్డు మీద బూడిదరంగు మేఘం తప్ప ఏమీ కనపడలేదు. దాన్ని చూస్తూ పైకి, కుడికి, కిందికి, మళ్ళీ కిందికి, ఎడమకి ఊపాను. బోర్డు దగ్గర కర్ర పట్టుకున్నతను చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఇంట్లో ఎవరితోనో కూర గురించి వాదిస్తున్నాడు. నా వైపు చూసి "బఢియా" అన్నాడు. చీటీ మీద ఆరుకి ఆరు రాశాడు.

ఆ చీటీని నాయన దేవుడి పటం వెనక పెట్టాడు. నేను గద్దె మీద ఉండిపోయాను. ఏడాది గడిచింది. ఆ ఏడాది నా కుడికన్ను ఏం చేస్తోందో నాకు తెలియదు. నేను మాత్రం నులుముతూనే ఉన్నాను.

చివరికి ఒకరోజు సొంత మేనమామ గుమ్మంలోకొస్తే హిందీలో సాబ్ అన్నాను. మామ నవ్వాడు. నాయన నవ్వలేదు. మర్నాడే ఇద్దరం హైదరాబాదులో ఒక పెద్ద కంటి ఆసుపత్రికి బయల్దేరాం. దేవుడి పటం వెనక నుంచి చీటీ కూడా బయల్దేరింది.

అక్కడి డాక్టరమ్మ నా గడ్డాన్ని ఒక మెషీన్ మీద పెట్టించి, రంగురంగుల బొమ్మ తీసి, నాయనకి ఓపిగ్గా చెప్పింది. నల్లగుడ్డు మీద అద్దం లాంటి పొర ఉంటుంది, దాన్ని కార్నియా అంటారు. అది బోర్లించిన గిన్నెలా గుండ్రంగా ఉండాలి. మీవాడిది మధ్యలో పలచబడి ముందుకి శంకులా పొడుచుకొచ్చింది. జబ్బు పేరు కెరటోకోనస్. కుర్రతనంలో మొదలై పెరుగుతూ పోతుంది. నులమడం దానికి ఎరువు.

"అంటే పొట్లం చుట్టినట్టా అమ్మా?" అన్నాడు నాయన.

"దాదాపు అంతే."

నలభై ఏళ్ళు పొట్లాలు చుట్టిన మనిషి. కొడుకు కన్ను కూడా పొట్లమైందని తెలిసి కుర్చీలో వెనక్కి వాలాడు.

మందు ఉంది కానీ మామూలు మందు కాదు. కంట్లో పచ్చటి విటమిన్ చుక్కలు వేసి, ఆ పైన నీలం కాంతి పెడతారు. పొర గట్టిపడి జబ్బు అక్కడికి ఆగుతుంది. పోయిన చూపు మాత్రం రాదు. పొర మరీ పలచబడితే అది కూడా చెయ్యలేరు. ఇంతా చెప్పి ఆమె మా చీటీ అందుకుంది. మొహం మారిపోయింది.

"ఏడాది కింద ఆరుకి ఆరా? ఏడాదిలో ఇంత దిగిందంటే చాలా వేగంగా పోతోంది. రెండు కళ్ళకీ వెంటనే చేసెయ్యాలి."

నాయన అప్పటికే డబ్బుల కోసం జేబు తడుముకుంటున్నాడు. అప్పుడు చెప్పాలి కదా, చెప్పాను. బోర్డు నాకు కనపడలేదనీ, ముందున్నాయన చెయ్యి చూసి ఊపాననీ. నా గొంతు నాకే పక్క గదిలోంచి వినపడింది.

డాక్టరమ్మ చీటీని పక్కన పడేసింది. ఏడాది కింద అసలు ఎంత ఉందో తెలియనప్పుడు ఎంత వేగంగా దిగుతోందో చెప్పలేమంది. ఈరోజు కొలతే మొదటి కొలత, నాలుగు నెలల తరవాత మళ్ళీ రండి, అప్పుడు చూద్దాం, చెయ్యి మాత్రం కంటి మీదికి పోకూడదు అంది. అబద్ధం చెప్పి ఒక ఏడాది, నిజం చెప్పి ఇంకో నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. సత్యమేవ జయతే అంటారు. ఎప్పటికి జయిస్తుందో చెప్పరు.

తిరుగు బస్సు భద్రాచలం దాటాక నాయన అన్నాడు, "కాపీ కొట్టాలన్నా కళ్ళుండాలి కదరా."

ఊరు చేరగానే తిన్నగా గురూజీ ఇంటికి నడిచాడు, వెనక నేను. కోపం ఎవరి మీద చూపాలో తెలియక పాఠాలు చెప్పినాయన మీదే చూపబోయాడు. అరుగు మీద గురూజీ అంతా విన్నాడు.

"నాకు బోర్డే కనపడలే సేఠ్" అన్నాడు. "గోడ కనపడ్డది. గురూజీకి గుడ్డితనం అంటారని ఊరికే చెయ్యి ఊపిన. మీవోడు నన్ను చూసి ఊపిండా? పాపం."

చూశారా, ఏడాదంతా నేను గర్వపడ్డ ఆ ఆరుకి ఆరు ఫెయిలైనవాడి పేపర్లోంచి దించుకున్నది. ఆయనకి శుక్లాలట. నాలుగు నెలల తరవాత గురూజీని కూడా మాతో తీసుకెళ్ళాం. ఆయనకి ఒక్క పూటలో ఆపరేషన్ అయిపోయింది. మూడో రోజుకి గోడ మీద చీమల్ని లెక్కపెట్టి మాకు వినిపించడం మొదలుపెట్టాడు. నేను వాటిని నమ్మకం మీద ఒప్పుకున్నాను.

ఆ నాలుగు నెలలూ నేను నులమలేదు. పగలంతా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పడుకునే ముందు అమ్మ పాతచీర పేలికలు నా పిడికిళ్ళకి చుట్టేది, పోటీకి పనికిరాని బాక్సర్‌లా ఉండేవాణ్ణి. అయినా కుడికన్ను ఇంకా దిగింది. నీలం కాంతికి కావలసిన మందం కన్నా నా పొర ఒక వెంట్రుకలో ఆరో వంతు తక్కువ. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. తునికాకుల దేశంలో పుట్టి కూడా ఆ వేళకి నాకు ఒక్క ఆకు అందలేదు.

ఎడమకంటికి మామూలుగా చేశారు. కుడికంటికి వేరే రకం చుక్కలతో పొరని కాస్త ఉబ్బించి చేసే పద్ధతి ఉందట, అది చేశారు. హామీ లేదన్నారు. నేనూ అడగలేదు. నొప్పి రెండు రోజులు. నాయన రెండు రోజులూ మంచం పక్కనే కూర్చుని నా చేతుల్ని కాపలా కాశాడు. తరవాతి పరీక్షల్లో రెండూ ఆగినట్టే ఉన్నాయన్నారు. ఎడమది కాస్త మంచి చోట, కుడిది సగం దారిలో.

ఆఖరున, పెట్టుకున్నంతసేపు పొర వంకరని సరిచేసే గట్టి కాంటాక్ట్ లెన్స్ పెట్టారు. కంట్లో వడ్లగింజ పడ్డట్టుంది. కన్నీళ్ళు కారాయి, తుడవబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు. నీళ్ళు తగ్గాక తలెత్తి చూశాను. పైన ఒకే బల్బు, తోక లేదు. ఎదురుగా ఒకే నాయన. ఆ ఒక్కడి చెంపలూ ఈ మధ్యనే నెరిసినట్టున్నాయి, నాకు కబురు అందలేదు.

బోర్డు వెలిగించారు. నేను చదివాను. మొదటి వరస, రెండో వరస, అయిదో వరస దాకా, ఒక్క తప్పు లేకుండా. లెన్స్ పెట్టినాయన సంతోషపడి కాగితం మీద రాయబోయాడు.

"ఆగండి సార్" అన్నాడు నాయన. "ఆ బోర్డు మార్చండి. మావోణ్ణి నమ్మొద్దు."

మార్చారు. మళ్ళీ చదివాను. నాయనకి ఇంకా అనుమానమే. గదిలో ఎవరి చేతులూ ఆడటం లేదని చుట్టూ చూసి నిర్ధారించుకున్నాక గోడకి ఆనుకుని, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

అందుకని ఈ కథ చదివే పదిమంది ఎదుట, హోమం లేకుండా (పొగ నా కంటికి పడదు), నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. కనపడనిది కనపడలేదనే చెబుతాను. ఎదుటివాడి చెయ్యి ఎంత దర్జాగా ఆడినా నా చెయ్యి ఆడించను. నా పిడికిలికీ నా కంటికీ మధ్య ప్రాణమున్నంతకాలం జానెడు ఎడం ఉంచుతాను. ఇదంతా కాగితం మీద రాసి కింద సంతకం కూడా చెయ్యబోయాను. కానీ లెన్స్ రోజుకి ఆరేడు గంటలే ఓర్చుకుంటుంది, అప్పటికే తీసేశాను. సంతకం ఎక్కడ పెట్టాలో నాయనే నా వేలు పట్టుకుని చూపించాడు.