సమాధి రాయి మీద ఊరి పేరు

మొన్న పాస్‌పోర్ట్ రెన్యువల్ ఫారం నింపుతూ ‘పుట్టిన ఊరు’ అన్న గడి దగ్గర ఆగిపోయాను. మా ఊరు నగరంలో కలిసిపోయి చాలాకాలమైంది. ఏది రాయాలా అని కూర్చుంటే, అమెరికాలో, షికాగో దగ్గరి అరోరాలో మా పక్కింటి పోలెండ్ పెద్దావిడ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆవిడైతే క్షణం ఆగేది కాదు.

రెండువేల పది ప్రాంతం. ఆ చలికాలమే ఆవిడ భర్త పోయారు. సమాధి రాయి మీద ఆయన పుట్టిన ఊరు చెక్కించాలి. పక్క ఊరు నేపర్‌విల్‌లో ఉండే కొడుకు పోలెండ్‌లోని ఒక పట్నం పేరు రాసి ఆర్డర్ ఇచ్చేశాడు. వాళ్ల పల్లెను ఆ పట్నంలో ఎప్పుడో కలిపేశారు. కంప్యూటర్‌లో ఎంత వెతికినా పల్లె పేరు రాలేదట. సోమవారం నుంచి చెక్కుడు మొదలు. శనివారం పొద్దున్నే ఆవిడ చేతిలో గసగసాల రొట్టెతో, ముఖం నిండా కోపంతో మా తలుపు కొట్టింది. వెనకే కొడుకు.

“మ్యాప్‌లో లేని ఊరు రాయిమీద ఎలా వేయిస్తానమ్మా?”

“ఆ లేని ఊళ్లోనే నాకూ మీ నాన్నకీ పెళ్లయింది. మరి నువ్వెవరివి?”

అతను రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, ఊరుందని రుజువు చూపిస్తే మార్పిస్తానన్నాడు.

నేను హైదరాబాద్‌లో పదిహేనేళ్లు పత్రిక డెస్క్‌లో పనిచేశాను. ఊరి పేరు మీద అనుమానమొస్తే మ్యాప్‌ని నమ్మేవాళ్లం కాదు. ఆ ఊళ్లో ఎవరికో ఒకరికి, ఆఖరికి టీకొట్టుకైనా, ఫోన్ చేసేవాళ్లం. మీ ఊరివాళ్లంతా కలిసి చేసే పని ఏముండేదని ఆవిడనడిగాను. మంటలార్పడం అంది ఠక్కున. ఊరి మగవాళ్లంతా జీతం లేని ఫైర్‌మెన్‌లట. వాళ్లకో బ్యాండు, అందులో వాళ్లాయనది ట్రంపెట్. మంటలకన్నా పెళ్లిళ్లకే ఎక్కువ వెళ్లేవారట. హైస్కూల్ చదివే మా అమ్మాయి ఆ పట్నం వెబ్‌సైట్ తెరిచి, కంప్యూటర్ చేత ఇంగ్లీషులోకి మార్పించుకుంటూ ఒక్క అరుపు అరిచింది. “అమ్మా, లుక్! ఫైర్ టీమ్స్ లిస్ట్ ఉంది. ఆంటీ, ఇదేనా మీ ఊరు?” ఆంటీ లేచిన ఊపుకి నేను రొట్టె పళ్లెం పట్టుకోవాల్సి వచ్చింది. పట్నం ఊరిని మింగేసింది గానీ, ఫైర్ దళం పాత పేరు వదల్లేదు!

కింద ఉన్న నంబర్‌కి ఫోన్ చేశాం. అక్కడ సాయంత్రం, ఎవరో ఎత్తారు. ఆవిడ అరిచింది, నవ్వింది, ఏడ్చింది, ఒక చేత్తో నా మణికట్టు వదల్లేదు. నాకొక్క ముక్క అర్థం కాకపోయినా ఎన్నికల లెక్కింపు రోజు డెస్క్‌లో ఉన్నంత హడావిడి గుండెల్లో. భాష తెలిసిన కొడుకు మాత్రం కుర్చీ ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత అతనే చెప్పాడు. కుళాయిలు, బస్సు ఇస్తామంటే ఊరు పట్నంలో కలవడానికి ఒప్పుకుందట. బస్సు వెంటనే వచ్చింది, కుళాయిలు చాలా ఏళ్లకు వచ్చాయి. ఊరి బోర్డు పీకడానికి పట్నం మనుషులు వచ్చేసరికి అక్కడ బోర్డు లేదు. ముందురోజే ఫైర్‌మెన్ మరలు విప్పి షెడ్డులో దాచేశారు. ఇప్పటికీ ఫైరింజన్ వెనక గోడకే ఉందట.

గంటలో నా మెయిల్‌కి ఫొటో వచ్చింది. అంచులు తుప్పుపట్టిన బోర్డు, దాని కింద పళ్లికిలించిన నలుగురు మనుషులు. కొడుకు దాన్ని చూసి, రాయి చెక్కేవాడికి ఫోన్ చేశాడు. ఆవిడ పక్కన నిలబడి ఒక్కో అక్షరం సరిచూసుకుంది.

వసంతంలో నన్నూ తీసుకెళ్లి ఆ రాయి చూపించింది. పేరు లోతుగా చెక్కారు. కాలం దాన్నీ అరగదీస్తుంది, కాదనను. కానీ గ్రానైటు కదా, కాలానికీ కాస్త ఓపిక కావాలి.