గుహలో అక్క వాటా

అమ్మాలనుకున్నది ఏమిటో ముందు చెప్పాలి. ఎనభైల చివర్లో మా ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ గదిలో ఎనిమిది టెర్మినళ్లు ఉండేవి. ప్రతి విద్యార్థికీ రోల్ నంబరు పేరుతో ఒక అకౌంటు, దానికో పాస్‌వర్డు. ఇచ్చింది ల్యాబ్ పనికి. ఎవరో సీనియర్ అందులో ఒక ఆట ఎక్కించి వెళ్లిపోయాడు. బొమ్మల్లేవు, చప్పుడు లేదు. నల్ల తెర మీద ఆకుపచ్చ ఇంగ్లిషు అక్షరాలు మాత్రం వచ్చేవి: నువ్వొక గుహలో ఉన్నావు, ఉత్తరాన దారి ఉంది, ఏం చేస్తావు? మనం రెండు మాటలు టైపు చేస్తే అది ఇంకో గదిలోకి తీసుకెళ్తుంది, లేకపోతే చంపేస్తుంది. ఆగిన చోటును అకౌంటులో దాచుకోవచ్చు. మొత్తం మార్కులు మూడు వందలు. నావి రెండు వందల ఎనభై అయిదు. నా తర్వాతివాడివి నూట పది.

ఆ అకౌంటు కొంటానని ఒక జూనియర్ వచ్చాడు. మట్టెవాడలో వాళ్ల నాన్నకు బట్టల దుకాణం. డబ్బు కాదు, వాళ్ల మామ దుబాయి నుంచి తెచ్చిన సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఇస్తానన్నాడు. నా దాంట్లో ఏడో నంబరు బటన్ పని చేయదు. ఏడు కావాలంటే ఆరుకు ఒకటి కలపాలి. ఫైనలియర్ పరీక్షలకు రెండు నెలలుంది.

నోటుబుక్కులో నిలువుగా గీత గీసి, ఎడమ వైపు అమ్మడానికి కారణాలు, కుడి వైపు అమ్మకపోవడానికి కారణాలు రాశాను. ఎడమ వైపు నాలుగు వచ్చాయి. కుడి వైపు ఒకటే: అకౌంటు ఇంకొకరికి ఇవ్వడం కాలేజీ రూలుకు విరుద్ధం. పరీక్షలవగానే ఫైనలియర్ అకౌంట్లన్నీ తుడిచేస్తారన్న సంగతి ఏ వైపూ రాయలేదు. రాస్తే కనబడుతుంది.

"కాగితం రాసుకుందాం అన్నా," అన్నాడు జూనియర్. "మా నాయిన కాగితం లేకుంట మేకపిల్లను గూడ కొనడు."

రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు చిన్న బల్ల వేసుకుని దస్తావేజులు రాసే పెద్దమనిషి దగ్గరికి వెళ్లాం.

"ఏం అమ్ముతాన్నవ్ తమ్మీ?"

"అకౌంటు."

"బ్యాంకు ఖాత అమ్మరాదు."

"బ్యాంకుది గాదు సారూ, ఆటది. నూట పదిహేడు గదులున్నయి."

గదులనగానే ఆయన పెన్ను మూత తీశాడు. "ఏడున్నయి?"

"గుహల."

"ఖిలా దిక్కా? అది సర్కారు జాగ."

జూనియర్ అడ్డం వచ్చి కంప్యూటర్ గురించి చాలాసేపు చెప్పాడు. ఆయన కంప్యూటర్‌ను పక్కన పెట్టి గదులను పట్టుకున్నాడు. "సరే, హద్దులు చెప్పు. తూర్పుకు?"

చెప్పాను. తూర్పున భూమి లోపలి నది, పడమర ఒక మనిషి పట్టే సొరంగం, ఉత్తరాన మంచు గది, దక్షిణాన దిగితే తిరిగి రాలేని గొయ్యి. తల ఎత్తకుండా రాసుకున్నాడు. ఆటలో దిక్కులు నిజంగానే ఉన్నాయి కాబట్టి ఇందులో నా అబద్ధమేమీ లేదు.

"తగాదాలు, బాకీలు?"

"లెవ్వు."

"స్వార్జితమా, ఇంటోళ్ల వాటా ఏమన్న ఉన్నదా? ఉంటె వాళ్ల సంతకం గావాలె. రేపు లడాయయితే నన్ను పిలుస్తరు."

స్వార్జితమే అందామని నోరు తెరిచాను. "మా అక్కనడిగి వస్త," అని లేచాను.

మాది కొత్తవాడ. నాన్న జంపఖానాలు నేస్తాడు. వాటి డిజైన్లు గళ్ల కాగితం మీద గీసేది అక్క. ఆట మొదలుపెట్టిన కొత్తలో దారి తప్పి రోజూ చస్తుంటే, సాయంత్రం ఇంటికొచ్చి ఆమెకు చెప్పుకునేవాణ్ని. ఆమె డిజైను కాగితం మీద గదికో గడి, దారికో రంగు పెట్టి గుహనంతా గీసేసింది. అన్నీ ఒకేలా ఉండే గదుల్లో నేను వారం తిరిగినప్పుడు, "గదికొక వస్తువు ఇడిసిపెట్టుకుంట పో, మళ్ల అదే గదికొస్తె ఎరుకయితది," అని చెప్పింది ఆమే. కంప్యూటర్‌ను ఆమె ఒక్కసారీ చూడలేదు.

ఆ సాయంత్రం అక్క నూలు కండెలు చుడుతూ నా మాటంతా విన్నది.

"అయితే నాకు వాటా ఉన్నదంటవ్."

"సగం."

"సగమా? నూట పదిహేడుల నువ్వొక్కనివే కనిపెట్టినయి ఎన్ని?"

లెక్క నా దగ్గరుంది. "ఇరవై రెండు."

ఆమె చరఖా ఆపింది. "సరే, ఆఖరు తలుపు ఎట్ల తెరవాల్నో దొరికిందా?"

ఇక్కడ నేను నిజం చెప్పాల్సి వచ్చింది. ఎలా తెరవాలో దసరా నుంచే నాకు తెలుసు. కానీ తెరిస్తే ఆట గెలిచినట్టు. గెలిస్తే అది దాచిన చోటును తుడిచేసి మార్కులను సున్నాకు తెస్తుంది. రెండు వందల ఎనభై అయిదును అందరికీ చూపించుకోవడానికి ఆ తలుపు ముందే ఆగిపోయాను. అక్కకు మాత్రం, ఇంకా చిక్కుకునే ఉన్నానని చెబుతూ వచ్చాను.

"దసరా సంది," అన్నది అక్క.

"ఆ."

"ఆ తలుపెనుక ఏమున్నదని నేను రోజు అడుగుతాన్న. నువ్వేమో చూడకుంటనే అమ్ముతాన్నవ్. రేపు ఆ పిలగాడు తెరుస్తడు. నేను నిన్ను అడగాలె, నువ్వు ఆన్ని అడగాలె."

"ఎట్లయినా పరీక్షలైనంక అన్ని తుడిచేస్తరు అక్కా."

"ఆనికి చెప్పినవా?"

నేను కండెల బుట్టను ఆమె చేతికి దగ్గరగా జరిపాను.

"మంచిది. నీ వాటా నువ్వు అమ్ముకో. నా వాటా నేను ఖర్సు వెట్టుకుంట."

రెండు వాటాలూ ఒకే తలుపులో ఉన్నాయని చెప్పబోయాను. ఆమెకు తెలుసు. అందుకే నవ్వుతోంది.

కాలేజీ డే నాడు ఇంటివాళ్లను కంప్యూటర్ గది లోపలికి రానిచ్చేవారు. అక్క చెప్పులు బయట విప్పి, ఏసీ చలికి కొంగు భుజం చుట్టూ కప్పుకుని నా టెర్మినల్ ముందు కూర్చుంది. జూనియర్ చొక్కా జేబులో కాలిక్యులేటర్‌తో వచ్చి వెనక నిలబడ్డాడు. సంతకం పెట్టడానికే ఆమెను తెచ్చాననుకున్నాడు.

"అక్షరాలు వరుసగ లెవ్వేందిరా?" అని కీబోర్డును చూస్తూ అడిగింది అక్క.

"అన్నా, ఏం చేస్తాంది?" అన్నాడు జూనియర్.

"ఆమె వాటా ఖర్సు వెడ్తాంది."

ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతికి, నేను చెప్పిన రెండు మాటలు కొట్టింది. ఎంటర్ ఎక్కడుందో చూపించాను. తెర కాసేపు ఖాళీ అయింది. తర్వాత మూడు వాక్యాలు వచ్చాయి. తలుపు తెరుచుకుంది. నువ్వు బయట ఉన్నావు, పొద్దు పొడుస్తోంది. మూడు వందలకు మూడు వందలు.

అక్క కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. "బయట ఉన్నమా?"

"ఆ."

"నూట పదిహేడు గదులు తిరిగి బయటికొచ్చినమా?"

"ఆ."

"మరి లోపలికెందుకు పోయినంరా?"

అంతలో తెర మీద మార్కులు సున్నా అయ్యాయి. జూనియర్ కాలిక్యులేటర్‌ను చొక్కా జేబులోంచి తీసి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. పోయేది ఎలాగూ పోయింది కదా అని, పరీక్షలయ్యాక అకౌంట్లు తుడిచేస్తారన్న సంగతి అప్పుడు వాడికి చెప్పాను. వాడు నా వైపు చూడనే లేదు.

"అక్కా, నువ్వు మంచి పని చేసినవ్," అన్నాడు.

అక్క వినిపించుకోలేదు. వెనక వరసలో ఎవరి తల్లిదండ్రులో లేవమన్నట్టు దగ్గుతున్నారు. ఆమె లేవలేదు. ఆట మళ్లీ మొదటి గదిలో నిలబెట్టి, ఏం చేస్తావని అడుగుతోంది. ఉత్తరానికి పోదామని ఆమె వేలు ఎత్తి పట్టుకుని, మొదటి అక్షరం ఎక్కడుందా అని వెతుకుతోంది.