మా బావ, ఆయన వెనక చక్రాలు

"మీ బావ మనల్ని ఒగ్గీసి ఎల్లిపోనాడే" అని అక్క ఫోన్లో అన్నప్పుడు నేను రాజాంలో, మా వంటింట్లో, పప్పుకు తాలింపు పెడుతున్నాను. స్టవ్ కట్టేశానో లేదో కూడా గుర్తులేదు. కళింగపట్నం ఒడ్డున కారులోకి చేపల బుట్టలు ఎక్కిస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

అక్కను చేసుకున్ననాటి నుంచీ బావ నన్ను పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఏటే మరదలా, ఇంకా బతికే ఉన్నావేటి?" అన్నదే ఆయన పలకరింపు. "నిన్ను సాగనంపాకే పోతాలే" అనేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నోరు చేదెక్కుతోంది.

ఒడ్డున చేపల వేలంపాటలో ధర పలికేది అక్క, సరుకు రాజాం చేర్చేది బావ. ఇసుకలో కూరుకుపోని బండి కావాలని, నాలుగు చక్రాలనూ ఇంజినే తిప్పే పాత కారొకటి కొన్నాడు. వెనక సీట్లు పీకేసి ఐసుపెట్టెలు పెట్టాడు. అక్కను కూడా అంత అపురూపంగా చూసుకోలేదని దెప్పేదాన్ని. "మీ అక్క తనే నడుస్తాది. దీన్ని నాను నడపాల కదే" అనేవాడు. అన్నాడే గానీ, అక్కకూ ఆ ఇసుకలోనే డ్రైవింగ్ నేర్పాడు.

బరువంతా వెనకే కదా అని ఒకసారి వెనక మాత్రం వెడల్పాటి రిమ్ములు, లావుపాటి టైర్లు వేయించాడు. అబ్బో, ఆ సంబరం! పెళ్లికొడుకును ఊరేగించినట్టు ఊరంతా తిప్పాడు. కొన్నాళ్లకు కారులో ఏదో ఘాటు వాసన మొదలైంది. పచ్చిచేపలతో పాటు ఎండుచేపలూ మోసే బండిలో వాసన వస్తే ఎవరికి అనుమానం వస్తుంది? బావ పెట్టెలు కడిగాడు, గోనెలు మార్చాడు. నెత్తళ్ల చేపలు సరిగా ఎండలేదని, వాటిని ఎండబెట్టే ముసలమ్మతో గొడవ కూడా పెట్టుకున్నాడు.

చివరికి అక్కకు ఒళ్లు మండింది. "సేప వాసనేటో నాకు తెల్దేటి? ఇది ఇనుము కాలిన వాసన. దిగి సూడు!" అని కేకలేసింది.

మెకానిక్ కింద దూరి చూసి సంగతి చెప్పాడు. వెడల్పుతో పేచీ లేదు. ఆ టైర్లు ఎత్తు కూడా ఎక్కువ. ఒక్క చుట్టుకు వెనక చక్రం ముందు చక్రం కంటే ఎక్కువ దూరం పోతోంది. ఆ రెంటినీ కలిపే భాగం మధ్యలో నలిగి కాగిపోతోంది. బావ నేరుగా ముసలమ్మ దగ్గరికి వెళ్లి చెంపలేసుకుని వచ్చాడు.

అయినా వెడల్పాటి చక్రాల మోజు వదల్లేదు. అంతే వెడల్పు, కానీ ఎత్తు తక్కువ ఉన్న టైర్ల కోసం శ్రీకాకుళంలో దుకాణాలన్నీ గాలించాడు. అవి బిగించాక ముందు చక్రానికీ వెనక చక్రానికీ నేల తాకే చోట సున్నం బొట్టు పెట్టి, తడి ఇసుక మీద కారును మెల్లగా నడిపాడు. బొట్టు మళ్లీ నేలకు దిగేదాకా ఒక్కో చక్రం ఎంత దూరం పోయిందో వలతాడుతో కొలిచాడు. ముందుదానికి తెంపిన తాడే వెనకదానికీ సరిపోయింది. పిల్లాడిలా గెంతాడు మహానుభావుడు.

"ఎనకది ఎంత లావైనా ఉండనీ మరదలా, ముందుదానితో సమానంగా నడిస్తే సాలు" అంటూ అక్క వైపు ఓరగా చూసేవాడు. ఆయన సన్నం, అక్క లావు. చేతిలో ఏది ఉంటే అది విసిరేది అక్క. తాడు మాత్రం కారు అద్దానికి వేలాడుతూ ఉండిపోయింది.

పెద్దకర్మ నాడు చుట్టాలందరిదీ ఒకటే పాట. "కారు అమ్మీయ్. ఒక్కదానివి, ఈ సేపల యాపారం ఏటి సేస్తావు?" ఆ కారు పోతే వేలంలో కొన్న సరుకు ఒడ్డు దాటదు. అక్కకు ఇంకేం మిగులుతుందని నాకు ఒకటే బెంగ.

పాతవి అరిగిపోయాయని బావ తెచ్చిన కొత్త టైర్లు నాలుగూ వసారాలో అలాగే ఉన్నాయి. వేయించకుండానే పోయాడు. అక్కే వాటిని వేయించి, నిన్న పొద్దున నన్ను ఒడ్డుకు రమ్మంది. నాలుగు చక్రాలకూ సున్నం బొట్లు పెట్టింది. కారును మెల్లగా ముందుకు పోనిచ్చి, దిగి, ఆ తాడే పరిచింది. ముందుదానికి సరిపోయింది. వెనకదానికీ సరిపోయింది.

"సూసినావా? మీ బావ తెచ్చినవే" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుపు తరవాత. ఎక్కు, పాట మొదలైపోతాది" అని కసిరింది. తాడుకు అంటిన ఇసుక దులిపి, గాజుల్లేని చేతికి దాన్ని చుట్టుకుని, స్టీరింగ్ పట్టుకుంది.