చిన్న పిడి

నిన్న నేను మా తాత వాడిన రంపానికి తుప్పు వదిలిస్తుంటే, గాసునూనె వాసనకు పటాన్‌చెరులోని మా కిరాయి ఇల్లు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఆరేళ్లు. ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద చెయ్యి పడి, నాయిన కుడిచేతికి కట్టుతో ఇంటికొచ్చాడు. ఇక పనికి రావద్దన్నారట. వడ్రంగమైనా చేసుకుందామని, తుమ్మచెక్కను పాదాల మధ్య బిగించి, ఎడమచేత్తో నెలంతా చెక్కి ఈ రంపానికి కొత్త పిడి చేశాడు. వేళ్లు పట్టే సందు బాగా చిన్నది. నా చేతికి సరిగ్గా సరిపోయింది.

“నాకేనా, నాయినా?”

“ఆ బిడ్డా, నీకే.”

అమ్మ లేచి లోపలికి పోయింది.

కట్టు విప్పిన రోజు నాయిన తన చెయ్యి అందులో పెట్టాడు. మిగిలిన రెండు వేళ్లూ సరిగ్గా పట్టాయి. నేను బోరున ఏడ్చాను.

“ఏడ్వకు బిడ్డా, నొస్తలేదు,” అన్నాడు.

నేను ఏడ్చింది పిడి నాది కాదని.