పది మీటర్లు అటూ ఇటూ

మా తమ్ముడు బెన్నీ హైస్కూల్లో సోషల్ మాస్టారు. చూపు లేని మనిషి మ్యాపులేం చెబుతాడని మొదట్లో వెటకారమాడిన వాళ్ళే తర్వాత తమ పిల్లల్ని వాడి క్లాసులో వెయ్యమని అడిగారు. తొమ్మిదో ఏట మెదడువాపు జ్వరమొచ్చి కళ్ళు పోయాయి. తొంభై మూడులో ఉద్యోగం వచ్చింది. ఆ రోజు నుంచి పద్నాలుగేళ్ళు మా అమ్మ దీనమ్మే వాడి చెయ్యి పట్టుకుని రెండు కిలోమీటర్లు నడిపించి, స్కూల్లో దింపి, సాయంత్రం దాకా వరండాలో కొబ్బరీనెలు చీరుకుంటూ కూర్చుని, మళ్ళీ ఇంటికి తీసుకొచ్చేది. "కర్ర పట్టుకుని వాణ్ణొక్కణ్ణీ వెళ్ళనియ్యవే అమ్మా," అని నేనంటే, "నాకు కాళ్ళున్నంతకాలం వాడికి కర్రెందుకే?" అనేది.

నేను వాడి అక్కని, విజయకుమారిని. ఉప్పలగుప్తం వైపు ఆసుపత్రిలో నర్సుని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరు మంచిదే, నా నోరే కాదు.

రెండువేల ఏడు ఆగస్టులో అమ్మ పోయింది. మూడు రోజులుగా ముసురు. సమాధుల తోటకి వెళ్ళే కాలవగట్టు మోకాలి లోతు బురద. బెన్నీ లేచి చెప్పులు వెతుక్కుంటుంటే నలుగురూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. "మీరెక్కడికండీ మాస్టారూ, జారిపడితేనో? మేం లేవాండీ?" అన్నారు. అందరూ మంచివాళ్ళే. నేనూ మంచిదాన్నే. "కూర్చోరా, నువ్వొస్తే నిన్ను మొయ్యడానికింకో నలుగురు కావాలి," అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఇంకెవరూ కాదు. అమ్మని మట్టిలో పెట్టి మేం తిరిగొచ్చేసరికి వాడు అదే కుర్చీలో, ఒక కాలికి మాత్రం చెప్పు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

ఆ తర్వాత వాడు ఏడవలేదు. పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. స్కూలుకి సెలవు పెట్టేశాడు. నా సంగతీ అంతే. డ్యూటీకి వెళ్ళి ఇంజెక్షన్లు చేసి వచ్చేదాన్ని, ఎవరికి చేశానో గుర్తుండేది కాదు. నాకు బాధ కూడా వేసేది కాదు. ఇంట్లో ఇద్దరం రెండు ధాన్యం బస్తాల్లా పడి ఉండేవాళ్ళం.

అక్టోబరులో ఓ పొద్దున్న కాఫీ ముందు పెట్టుకుని వాడే నోరు విప్పాడు.

"అక్కా, నా మట్టుకి అమ్మ ఎక్కడికో వెళ్ళింది, ఇంకా రాలేదు, అంతే. నేనొక్కణ్ణే ఆవిడ దగ్గరికి వెళ్ళాలి. అది అయ్యేకే స్కూలు."

"ఇప్పుడే తీసుకెళ్తాను, పద."

"నువ్వు తీసుకెళ్తే నువ్వెళ్ళినట్టే."

సంక్రాంతి సెలవులయ్యాక కూడా స్కూల్లో చేరకపోతే ఉద్యోగం మీదికే వస్తుందని హెడ్మాస్టరు గారు అప్పటికి రెండుసార్లు కబురు పంపారు. వాడికి అది చెవికెక్కలేదు.

అంధుల పాఠశాలలో వాడితో చదివిన బాబ్జీ అని ఒకతను హైదరాబాదులో ఉంటాడు. సంగతి తెలిసి ఒక ఫోను పంపించాడు. మాట్లాడే ఫోను. దానికి తోడు అగ్గిపెట్టంత డబ్బా జేబులో వేసుకోవాలి. ఆ డబ్బా ఉపగ్రహాల నుంచి కబురందుకుని మనం ఎక్కడ నిలబడ్డామో ఫోనుకి చెబుతుందట. హైదరాబాదు వీధులన్నీ అందులో ఉన్నాయట. మన కోనసీమకొచ్చేసరికి తెల్లకాగితం. గుర్తులు మనమే పెట్టుకోవాలి. ఒకచోట నిలబడి, పేరు కొట్టి, బటన్ నొక్కితే, మళ్ళీ ఎప్పుడైనా అటు నడిచినప్పుడు ఆ చోటు ఎన్ని మీటర్లుందో, ఏ పక్కనుందో ఇంగ్లీషు గొంతుతో చెబుతుంది.

ఇద్దరం తిరిగి గుర్తులు పెట్టాం. మా గేటు, వంతెన, రైస్ మిల్లు, గట్టు మలుపు. కొబ్బరితోటల కింద ఆకాశం కనబడక డబ్బా తికమకపడేది. వంతెన దాటేశాక కూడా వంతెన ఇంకా నూట యాభై మీటర్లుందనేది. "ఒరేయ్, ఇది మా కాంపౌండరు కన్నా ఘోరంరా," అన్నాను. బెన్నీ నవ్వలేదు. అమ్మ దగ్గర గుర్తు మాత్రం నన్నొక్కదాన్నే వెళ్ళి పెట్టి రమ్మన్నాడు. వెళ్ళి, అమ్మ కాళ్ళ దగ్గర నిలబడి, పేరు దగ్గర 'అమ్మ' అని కొట్టి నొక్కి వచ్చాను. బాబ్జీ ముందే చెప్పాడు: "అక్కగారూ, పది మీటర్లు అటూ ఇటూ ఉంటాదండి. దానికంతకన్నా తెలీదు."

దారి చూపించడానికి ఫోను సిద్ధమే. చూపించనిచ్చింది ఎవరు? మొదటిరోజు వాడు వంతెన ఎక్కకముందే కొబ్బరికాయల వ్యాపారం చేసే వీరబాబు బండాపాడు. "ఆయ్, మాస్టారూ! స్కూలుకేనాండీ? ఎక్కండెక్కండి," అన్నాడు. మా వైపు అంత మర్యాదగా ఎక్కమన్నాక ఎక్కకపోతే అవతలి మనిషిని చిన్నబుచ్చినట్టే. బెన్నీ ఎక్కాడు. స్కూలు గేటు ముందు దిగి, అమ్మ వెనకవైపు పదహారు వందల మీటర్లుందని ఫోను చెబుతుంటే వింటూ నిలబడ్డాడట. రెండోరోజు మంగాయమ్మగారు చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్ళి అట్లు పెట్టింది. మూడోరోజు ఏకంగా బస్సే ఆగింది. ప్రతిసారీ వాడు "ఆయ్, మీ అభిమానమండీ," అని వాళ్ళు తీసుకెళ్ళిన చోటికల్లా వెళ్ళొచ్చాడు. నాలుగోరోజు బయలుదేరలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కొంగు బిగించి వీధి మధ్యలో నిలబడ్డాను. "ఇకమీదట మావాడి చెయ్యి ఎవరైనా పట్టుకున్నారో, జ్వరమొచ్చిందని నా గడప తొక్కకండి! మీ మంచితనం తగలెయ్య!"

వీరబాబు మొహం మాడ్చుకున్నాడు. "మేవేం చేసేవండీ అక్కగారూ? సాయవే కదండీ."

"సాయమే నాయనా. నేనూ అదే చేశాను," అన్నాను.

క్రిస్మస్ ముందు ఆదివారం బెన్నీ మళ్ళీ బయలుదేరాడు. వీధిలో అరుగుల మీద జనం లేవకుండా కూర్చునే చూశారు. వీరబాబు ఎదురొస్తూ బండి ఇంజను ఆపేసి, మాట జారకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బెన్నీ నన్ను రావద్దన్నాడు గానీ, నేనెప్పుడు ఒకరి మాట విన్నాను గనక? చెప్పులు విప్పేసి యాభై గజాలు వెనకాల నడిచాను. అంధుల పాఠశాలలో నేర్చుకున్నట్టు కర్ర ఆడించుకుంటూ వంతెన దాటాడు, మిల్లు దాటాడు, మలుపు తిరిగాడు. గట్టు మీద కాలవ వైపుకి ఒరిగినప్పుడు రెండడుగులు పరిగెత్తి ఆగిపోయాను. పిలవలేదు. సమాధుల తోటలో అడుగుపెట్టాక ఫోను గొంతు వినబడేంత దగ్గరికి జరిగాను. అమ్మ తొమ్మిది మీటర్లంది, ఏడంది, మళ్ళీ పదకొండంది. అక్కడికి దాని చదువు అయిపోయింది.

బెన్నీ దాన్ని ఆపి జేబులో పెట్టుకున్నాడు. వంగి, చేతికి తగిలిన మొదటి రాయి తడిమాడు. కళ్ళు పోకముందే వాడికి అక్షరాలొచ్చు. చెక్కిన అక్షరాలని వేలితో దిద్దుకుంటూ పైకే చదివాడు. "బం... గా... ర... య్య." లేచి పక్కదానికి వెళ్ళాడు. "శారోన్." అది మూడు నెలల పిల్లది. అక్కడ కాస్త ఎక్కువసేపు ఉన్నాడు. అలా ఆరు చదివాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపిస్తే అయిపోయేది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

ఏడోది అమ్మది. ఇంకా సమాధి కట్టించలేదు. ఇసకమట్టి, తలవైపు చెక్క సిలువ. బెన్నీ అడ్డచెక్క మీద వేళ్ళు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి జరిపాడు. ఇంకోసారి జరిపాడు.

"ఎవరో పాపం," అన్నాడు. "పేరైనా పెట్టించలేదు."

లేచి పక్క సమాధికి వెళ్ళిపోయాడు.

నాలుగు నెలల నుంచి నాకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. వాడు తలెత్తాడు.

"అక్కా? వచ్చేవా?"

"అదేరా బెన్నీ. ఇందాక చూసిందే. అమ్మ అక్కడేరా."

వాడు కర్రతో వెతుక్కుంటూ వెనక్కొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చెక్కంతా మళ్ళీ తడిమాడు. పైనా కిందా, వెనకవైపు కూడా తడిమాడు.

"మరి పేరు లేదేంటక్కా?"

"ఉందిరా," అన్నాను. "పెయింటుతో రాయించేను."